మేట ఒకచోట, కోత మరొకచోట

చెన్నైలోని పెద్ద హోటళ్లలో జరిగే ఆస్తుల ప్రదర్శనల్లో ఇప్పుడు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అపార్ట్‌మెంట్ల పక్కనే దుబాయ్ ద్వీపాల నమూనాలు కూడా కనిపిస్తున్నాయి. ఇటీవల అలాంటి ఒక ప్రదర్శనలో గాజుపెట్టెలో అమర్చిన ద్వీపాన్ని చాలాసేపు చూశాను. ఖర్జూరపు చెట్టు ఆకారం, ఒక్కో మట్ట మీద వరసగా విల్లాలు, చుట్టూ నీలిరంగు పూసిన సముద్రం. ద్వీపం అంచు దాటి నాలుగు అంగుళాల నీలంతో నమూనా ముగిసిపోయింది. ఆ పక్కన ఉండవలసిన తీరం అందులో లేదు. ఇలాంటి ద్వీపాల లాభనష్టాలను లెక్కించేటప్పుడు సాధారణంగా విడిచిపెట్టేది ఆ తీరాన్నే.

ఇంజినీరింగ్ పరంగా, దుబాయ్‌లో ఖర్జూరపు చెట్టు ఆకారంలో పోసిన పామ్ జుమేరా ద్వీపం అసాధారణమైన పని అనడంలో సందేహం లేదు. 2001లో మొదలైన ఈ ద్వీపానికి సుమారు 9.4 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక, 70 లక్షల టన్నుల రాయి పట్టాయి. చుట్టూ ఎడారి ఉన్నా ఆ ఇసుక పనికి రాలేదు; గాలికి దొర్లి దొర్లి నునుపెక్కిన ఎడారి రేణువులు ఒకదానినొకటి పట్టుకుని నిలవవు. అందుకే గల్ఫ్ అడుగు నుంచి ఇసుకను తవ్వి, ఓడల మీది నుంచి ఇంద్రధనుస్సులా చిమ్మి పోశారు. వదులుగా పడిన ఆ ఇసుకలోకి కంపించే కడ్డీలను దించి గట్టిపరిచారు. అలల నుంచి కాపాడటానికి చుట్టూ 11 కిలోమీటర్ల రాతికట్ట వేశారు. కట్ట లోపల నీరు కదలక నిలిచిపోతుందని తేలడంతో నీరు ఆడటానికి అందులో ఖాళీలు విడిచిపెట్టవలసి వచ్చింది. సముద్రానికి అడ్డంగా ఏది కట్టినా ఇలాంటి సమస్య ఒకటి తీరిన వెంటనే ఇంకొకటి తలెత్తుతుంది. పైగా పూడ్చిన నేల కట్టడం పూర్తయ్యాక కూడా కుంగుతూనే ఉండవచ్చు. జపాన్‌లో మెత్తటి బంకమట్టి అడుగు మీద కట్టిన కన్సాయ్ విమానాశ్రయ ద్వీపం 10 మీటర్లకు పైగా కుంగింది. 2018 తుపానులో సముద్రపు నీరు దాని రన్‌వే మీదికి ఎక్కింది.

మార్కెట్ కుదుపు కూడా సముద్రపు పోటు కన్నా తక్కువదేమీ కాదు. దుబాయ్ తీరానికి ఎదురుగా ప్రపంచపటం ఆకారంలో 300 దీవులు పోశాక 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. మరుసటి ఏడాది, ఆ దీవులను చేపట్టిన నఖీల్‌కు మాతృసంస్థ అయిన దుబాయ్ వరల్డ్ అప్పులు తీర్చడానికి గడువు కోరింది. ఆ దీవుల్లో అధికభాగం ఏళ్ల తరబడి ఖాళీ ఇసుకదిబ్బలుగానే మిగిలాయి. మలేసియాలో జొహోర్ తీరాన 7 లక్షల మంది కోసం తలపెట్టిన ఫారెస్ట్ సిటీలో నివసించడానికి వచ్చినవారు కొన్ని వేలమందే. చైనా తన పౌరులు విదేశాలకు డబ్బు పంపడంపై ఆంక్షలు బిగించగానే కొనుగోలుదారులు కరవయ్యారు. భవనం అమ్ముడుపోకపోతే నష్టపోయేది కట్టినవాడు. ద్వీపం అమ్ముడుపోకపోయినా పూడిన సముద్రం మాత్రం వెనక్కి రాదు.

ఈ విషయంలో చెన్నపట్నానికి నూటయాభై ఏళ్ల అనుభవం ఉంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంటే నడుస్తుంది. 1870ల్లో హార్బరు కట్టలు ఆ నడకకు అడ్డుపడ్డాయి. ఆగిన ఇసుక దక్షిణాన మేట వేసి మెరీనాను ఇంత విశాలంగా పెంచింది. 1884లో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ ఒడ్డుకు మెరీనా అని పేరు పెట్టి విహారస్థలంగా తీర్చిదిద్దాడు. ఆ ఇసుకే అందక ఉత్తరాన రాయపురం, కాశీమేడు, తిరువొత్తియూరు ఒడ్డు కోతకు గురైంది. మత్స్యకారుల ఇళ్లు సముద్రంలో కలిశాయి. ఇప్పటికీ అటు వెళ్తే ఒడ్డు పొడవునా నల్లరాతి బండలు గుట్టలుగా కనిపిస్తాయి. వలలు ఆరేయడానికి ఇసుక లేక కొన్నిచోట్ల రోడ్డు అంచునే పరుస్తారు. సాయంత్రం మెరీనాలో నడిచేవారికి దక్కిన ఇసుకకు, ఉత్తర చెన్నై పోగొట్టుకున్న ఒడ్డుకు మధ్య ఉన్న ఈ సంబంధాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. గోదావరి లంకల్లో సేద్యం చేసిన కుటుంబాలవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒక లంకకు మట్టి చేరిన ఏడాది ఇంకో లంక ఎంత కోసుకుపోయిందో వాళ్లు కళ్లారా చూశారు.

ఒక రేవు చేసిన నష్టమే ఇంత ఉంటే, విలాస ద్వీపం విషయంలో ఇసుక తవ్విన చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రపంచం ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా. సింగపూర్ విస్తరణ కోసం తవ్వకాలు సాగి, నీపా వంటి చిన్న ద్వీపాలు మునిగిపోయే స్థితికి చేరాక ఇండోనేసియా 2003లో సముద్రపు ఇసుక ఎగుమతిని నిషేధించింది. రెండు దశాబ్దాల తరువాత ఆ నిషేధాన్ని సడలించింది.

సముద్రాన్ని పూడ్చడమే తప్పని నేను అనడం లేదు. నీట మునిగే ప్రమాదంలో ఉన్న మాల్దీవులు 1997లో హుల్హుమాలే అనే కృత్రిమ ద్వీపం పని మొదలుపెట్టి, ఇరుకు రాజధానిలో చోటు చాలని ప్రజలకు ఇళ్లు కట్టాయి. అక్కడ కూడా పగడపు దిబ్బలకు నష్టం జరిగింది. అయితే ఆ నష్టాన్ని భరించిన దేశపు ప్రజలే ఆ నేల మీద నివసిస్తున్నారు. ఏడాదికి రెండు వారాలు వచ్చిపోయే యజమాని కోసం, స్థానిక జాలరి వేటస్థలాన్ని పూడ్చే ప్రాజెక్టును ఆ వరసలో పెట్టడం న్యాయం కాదు.

మన దేశంలో తీరప్రాంత నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు సముద్రాన్ని పూడ్చడాన్ని సాధారణంగా నిషేధిస్తూనే రేవులకు, తీర రహదారులకు మినహాయింపు ఇస్తున్నాయి. ఆ మినహాయింపు విహార కేంద్రాలకు, విల్లాలకు విస్తరించకూడదు. మినహాయింపు పొందిన ప్రాజెక్టుల విషయంలోనైనా ప్రభావ అధ్యయనం ప్రాజెక్టు సరిహద్దు దగ్గర ఆగిపోకుండా, ఇసుక నడిచే దారి పొడవునా సాగాలి. ఒడ్డు కోసుకుపోతే ఇసుక తెచ్చి పోసే ఖర్చును నిర్మాణదారు ముందుగానే డిపాజిట్ చేయాలి. ఆ అధ్యయనం తమిళంలోనే గాక తెలుగులోనూ ప్రజల ముందుకు రావాలని కోరడానికి కారణం ఉంది. చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దాటితే పులికాట్ సరస్సు, దాని వెంట రెండు రాష్ట్రాల మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. ఇసుక మేటతో సరస్సు ముఖద్వారం పూడుకుపోయినప్పుడల్లా అక్కడి పడవలు సముద్రంలోకి దాటలేవు, రొయ్యపిల్ల సరస్సులోకి రాదు. ఎన్నూరు తీరంలో ఏ కట్ట వేసినా దాని గురించి మొదట అడగవలసింది, ఆ మొగలో పడవ నడిపేవాళ్లనే.