రౌటర్‌కి కళ్లు లేవు పిన్నీ

మొన్న ఆదివారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, నెట్ సరిగ్గా రావట్లేదు. హాల్లో కూచుంటే కాస్త వస్తోంది, పడగ్గదిలోకి వెళ్తే చక్రం తిరుగుతూనే ఉంటోంది." రౌటర్ మీద ఏ లైట్లు వెలుగుతున్నాయో చూద్దామని ఫొటో పంపమన్నాను. పంపింది. లైట్లు కనబడలేదు. ఆ మాటకొస్తే రౌటరే కనబడలేదు. టిఫిన్ బాక్సులో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ దాని ఒళ్లంతా చుట్టేసి ఉంది. రెండు యాంటెన్నాలకీ విడివిడిగా తొడుగులు కూడా వేసింది.

"అదేంటి పిన్నీ?"

"గ్రూపులో వచ్చింది చూళ్లేదా?"

చూశాను. చూసి, ఎప్పటిలాగే వదిలేశాను. మీక్కూడా ఏదో ఒక గ్రూపులో వచ్చే ఉంటుంది. మా దాంట్లో వచ్చిన మెసేజ్ సారాంశం ఇది: "మీ ఇంట్లో వైఫై రౌటర్ ఇప్పుడు రహస్య కెమెరా. గోడ అవతల నుంచి పక్కింటివాళ్లు మిమ్మల్ని చూడగలరు, బాత్రూంలో ఉన్నా సరే. అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. మనిషి ఎవరో 95.5 శాతం కచ్చితంగా గుర్తుపడుతుంది. మామూలు ఫోన్ యాప్ చాలు. రాత్రిళ్లు రౌటర్ ఆపేయండి, లేదా ఫాయిల్ చుట్టండి." కింద రంగురంగుల మనుషుల బొమ్మ ఒకటి.

వైర్‌లెస్ పరికరాల టెస్టింగే నా ఉద్యోగం. ఇందులో ప్రతి ముక్కకీ ఎక్కడో ఒక నిజం మూలం ఉంది. అందుకే "అంతా అబద్ధం" అని ఒక్క మాటలో కొట్టిపారేయలేను. ఒక్కొక్కటీ విప్పాల్సిందే.

"అమెరికా శాస్త్రవేత్తలు గోడ అవతల మనుషుల్ని చూశారు"

ఇక్కడ రెండు వేర్వేరు పరిశోధనల్ని కలగాపులగం చేశారు.

ఆ రంగుల బొమ్మ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పేపర్‌ది. 2022 డిసెంబరు ఆఖర్లో బయటికొచ్చింది. మామూలు రౌటర్లే వాడారు, మూడు యాంటెన్నాలు పంపేవి, మూడు అందుకునేవి. కానీ ఆ పేపర్లో గోడే లేదు. పంపేదీ అందుకునేదీ రెండూ ఒకే గదిలో ఉన్నాయి, మనుషులు వాటి మధ్యలో తిరిగారు. "గోడ అవతల" అన్నది వార్తలు రాసినవాళ్లు తగిలించిన తోక.

గోడ అవతల మనిషిని నిజంగా గీసి చూపించింది అమెరికాలోనే ఇంకో యూనివర్సిటీ, ఎంఐటీ వాళ్లు, 2018లో. దాని పేరు ఆర్‌ఎఫ్-పోజ్. ఇక్కడ గోడ ఉంది, రౌటర్ లేదు. వాళ్లు సొంతంగా కట్టుకున్న రేడియో వాడారు, 5.4 నుంచి 7.2 గిగాహెర్ట్జ్ దాకా జారుతూ పోయే సిగ్నల్‌తో, వరసగా పేర్చిన యాంటెన్నాలతో. అంటే ఒక రకం రాడార్. బొమ్మ కూడా అగ్గిపుల్లలతో చేసిన మనిషిలా వచ్చింది: తల ఒక చుక్క, చేతులు రెండు గీతలు.

ఒకరి దగ్గర్నుంచి రౌటర్, ఇంకొకరి దగ్గర్నుంచి గోడ తీసుకుని మెసేజ్ తయారైంది.

"రౌటర్ అంటే కెమెరాయే"

అసలు గొడవంతా ఈ మాటతోనే.

వైఫై అల పొడవు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు. కంటికి కనిపించే కాంతి అల పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు. ముక్కు, కన్ను, పెదవి విడివిడిగా తెలియాలంటే వాటికంటే చాలా చిన్న అల కావాలి. అరచేయంత కుంచెతో పెళ్లికూతురి కనుబొమ్మలు దిద్దమంటే ఎలా? దూరాల సంగతి ఇంకా అన్యాయం. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న (అంటే అంత మేర పౌనఃపున్యాల్లో పరుచుకున్న) సిగ్నల్‌తో ప్రతిధ్వనుల్ని దూరాన్ని బట్టి విడదీయాలంటే, ఒక వస్తువుకీ దాని వెనకున్న వస్తువుకీ కనీసం ఏడున్నర మీటర్ల ఎడం ఉండాలి. 160 మెగాహెర్ట్జ్ వాడే ఖరీదైన రౌటర్ అయినా దాదాపు మీటరు. ఎంఐటీ పరికరానికి అది ఎనిమిది సెంటీమీటర్లు మాత్రమే, అందుకే వాళ్లు గీయగలిగారు.

మరి కార్నెగీ మెలన్ వాళ్లకి అంత చక్కటి బొమ్మ ఎక్కడిది? కెమెరా ఇచ్చింది. అదే గదిలో పక్కనే కెమెరా పెట్టి వీడియో తీశారు. వీడియోలోంచి మనిషి ఒంటిని 24 భాగాలుగా గుర్తించే ప్రోగ్రాం ముందే ఉంది. దాని జవాబుల్ని గురువుగా పెట్టి, "సిగ్నల్ ఇలా వంగినప్పుడు ఒళ్లు ఇలా ఉంది" అని ఇంకో ప్రోగ్రాంకి నేర్పించారు. చివరికి అది సిగ్నల్ చూసి ఒంటి ఆకారాన్ని ఊహిస్తుంది. ముఖం, బట్టలు, ఒంటి మీద మచ్చ, ఇవేవీ సిగ్నల్లో లేవు కాబట్టి ఊహలోనూ ఉండవు. గది మార్చారా, ఊహ తడబడింది: నేర్చుకున్న గదుల్లోనే పరీక్షిస్తే వందకి 43.5 వచ్చిన స్కోరు, కొత్త అమరికలో 27.3కి పడిపోయింది. ఈ అంకె వాళ్ల పేపర్లో వాళ్లే రాసుకున్నారు. మెసేజ్ రాసినవాడు అక్కడిదాకా చదవలేదు, అంతే.

"కానీ ఊపిరి పీల్చడం కూడా పట్టుకుంటుందంట కదా, ముఖం పట్టుకోలేదా?" అని మా బాబాయి వెనకనుంచి అడిగాడు. మంచి ప్రశ్న. మీ ఊళ్లో చెరువు గుర్తుందా. కళ్లు మూసుకుని మెట్ల మీద కూచుని నీళ్లలో చెయ్యి పెట్టండి. అవతల రేవులో ఎవరో దిగితే ఆ అల మీ చేతికి తగులుతుంది. చిన్న కదలిక కూడా తెలుస్తుంది. దిగింది రంగయ్యా, రంగయ్య గేదా అంటే మాత్రం చెప్పలేరు. వైఫై అంతే. ఊపిరికి రొమ్ము కొన్ని మిల్లీమీటర్లు లేచి పడినా సిగ్నల్ దశ, అంటే అల ఏ క్షణాన ఎగువకి ఏ క్షణాన దిగువకి వస్తుందన్నది, మారుతుంది. కదలికకి అది చాలా సున్నితం. రూపానికి మొద్దు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్ని వందల రూపాయలకి దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు రెండు తెచ్చి, మా హాల్లో ఈ గోడకొకటి ఆ గోడకొకటి పెట్టాను. ఈ బోర్డు సిగ్నల్ బలాన్నే కాకుండా, లోపలి ఒక్కో పౌనఃపున్యం ఎలా మారిందో కూడా ఇస్తుంది. లాప్‌టాప్‌లో గీతలు గీయించాను. హాల్లో ఎవరూ లేనప్పుడు గీతలు చాపలా పరుచుకున్నాయి. నేను నడిస్తే ఎగిసిపడ్డాయి. భలే అనుకున్నాను. అప్పుడు మా ఆవిడ వచ్చి "ఈ ఉక్కలో ఎలా కూచున్నావు" అంటూ ఫ్యాన్ వేసింది. ఇక చూస్కోండి, గీతలన్నీ తిరనాళ్లలో జనంలా ఊగిపోయాయి. రెగ్యులేటర్ రెండు మీద ఒక రకం, అయిదు మీద ఇంకో రకం. ఫ్యాన్ కట్టేసి, కర్టెన్ ముడేసి, సోఫా ఒక మూర జరిపితే, అంతకు ముందు నేను పెట్టుకున్న లెక్క మొత్తం తప్పింది. నేను నడిచినా, ఆవిడ నడిచినా, పిల్లాడు గెంతినా నాకు కనిపించింది "ఏదో కదిలింది" అన్నదొక్కటే. ఒక బోర్డు పక్క గదిలో పెట్టి తలుపేస్తే గీతలు నీరసించాయి. నడక మాత్రం తెలిసింది, అది ఒప్పుకోవాలి.

"పక్కింటివాళ్లు గోడలోంచి చూస్తారు"

2013లో ఎంఐటీలో గోడ అవతలి కదలికని పసిగట్టే వై-వై అనే పరికరం చేసినప్పుడు, ఏ గోడ ఎంత సిగ్నల్ తినేస్తుందో పట్టిక ఇచ్చారు. అమెరికా ఇళ్లలో మధ్య గోడలు చాలామటుకు డొల్ల. ఆరంగుళాల అలాంటి గోడకి 9 డెసిబెల్లు (ప్రతి పది డెసిబెల్లకీ సిగ్నల్ పదో వంతుకి పడుతుంది). పద్దెనిమిది అంగుళాల కాంక్రీటుకి 18. లోపల ఇనుప ఊచలున్న కాంక్రీటుకి 40. ఇది ఒక్కసారి దాటితేనే. మనిషికి తగిలి వెనక్కి రావాలంటే రెండుసార్లు దాటాలి, అంటే 80. పది కోట్లలో ఒక వంతు మిగులుతుందన్నమాట. మన అపార్టుమెంట్లలో కొత్తగా పోసే ఊచల గోడలు, స్లాబులు ఈ చివరి జాబితాలోవి. ఇటుక గోడ అయితే ఇంత కష్టం లేదు. అయినా మీ పక్కింటి ప్లీడరుగారు మీ ఇంట్లో కెమెరా పెట్టి, ముందు మిమ్మల్నీ మీ గదినీ ప్రోగ్రాంకి నేర్పించాలి. అప్పటికే కెమెరా పెట్టగలిగినాయన మళ్లీ వైఫైతో ఎందుకు తంటాలు పడతాడు?

"మామూలు ఫోన్ యాప్ చాలు"

చాలదు. ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లకి ఇచ్చేది సిగ్నల్ బలం ఎంత అన్న ఒక్క అంకె. మా హాల్లో గీతలు గీసిన ఆ లోపలి వివరం యాప్‌లకి ఇవ్వదు. "గోడ అవతల చూపించే యాప్" అని ఎవరైనా లింకు పంపితే, అది కెమెరా, కాంటాక్టులు, మెసేజ్‌ల పర్మిషన్ అడగడానికే వచ్చింది. ఇన్‌స్టాల్ చెయ్యకండి.

"95.5 శాతం కచ్చితంగా గుర్తుపడుతుంది"

ఈ అంకె నిజమే. 2025లో రోమ్‌లోని సపియెంజా యూనివర్సిటీ వాళ్ల హూఫై పేపర్లోది. వాళ్లు వాడిన డేటా సింగపూర్ నాన్యాంగ్ యూనివర్సిటీలో సేకరించింది, అందులో ఉన్న మనుషులు పద్నాలుగు మంది. టీషర్టుతో నడిచారు, కోటుతో నడిచారు, కోటూ బ్యాగుతో నడిచారు. ఆ పద్నాలుగు మందిలో ఎవరన్నది చెప్పాలి. మా పెద్దమ్మ కూడా వసారాలో అడుగుల చప్పుడు విని ఇంట్లో పదిమందిలో ఎవరొస్తున్నారో చెప్పేస్తుంది. ఆవిణ్ణి తీసుకెళ్లి సికింద్రాబాద్ స్టేషన్లో కూచోబెడితే చెప్పగలదా?

ఇక్కడ నా పక్షం బలహీనమయ్యే చోటు ఒకటుంది, దాచను. అదే ఏడాది జర్మనీలోని కార్ల్స్‌రూహె ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 197 మందితో ప్రయోగం చేసి దాదాపు నూటికి నూరు గుర్తించారు. పైగా ప్రత్యేక పరికరం అక్కర్లేదు. సిగ్నల్‌ని మనవైపు తిప్పడానికి ఫోన్లు రౌటర్‌కి ఎప్పటికప్పుడు ఒక చిన్న నివేదిక పంపుతుంటాయి. అది తాళం వెయ్యకుండా, అంటే ఎన్‌క్రిప్షన్ లేకుండా గాల్లో వెళ్తుంది. దగ్గర్లో ఉన్న ఎవరైనా పట్టుకోవచ్చు. మీ దగ్గర ఫోన్ లేకపోయినా, చుట్టుపక్కలవాళ్ల ఫోన్లు పంపే నివేదికల్లో మీ నడక పడుతుంది. ఇక్కడా ముఖం లేదు, ముందు ఒకసారి మీ నడకని మీ పేరుతో నమోదు చేసుకుని ఉండాలి. కానీ రోజూ వెళ్లే ఆఫీసులోనో, మాల్‌లోనో అది అసాధ్యమేం కాదు. నాకు నిజంగా టెన్షన్ పెట్టే పేపర్ ఇదొక్కటే. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

అలాగే వైఫైతో కదలికలు పసిగట్టడానికి 802.11బీఎఫ్ అనే ప్రమాణం 2025లో అచ్చయింది. అంటే రేపటి చిప్‌లలో ఈ పని లోపల నుంచే వస్తుంది. అమెరికాలో ఇంటింటికీ నెట్ ఇచ్చే కామ్‌కాస్ట్ కంపెనీ ఎక్స్‌ఫినిటీ వైఫై మోషన్ అని ఇప్పటికే ఇస్తోంది. ఇంట్లో ఎవరైనా కదిలితే ఫోన్‌కి కబురొస్తుంది. 18 కిలోల లోపు పెంపుడు జంతువుల్ని లెక్కలోంచి తీసెయ్యమని చెప్పుకోవచ్చు కూడా. వాడుకునేవాళ్లు తామే ఆన్ చేసుకోవాలి. అయితే ఆ సమాచారాన్ని పోలీసు దర్యాప్తుల కోసం మీకు మళ్లీ చెప్పకుండా ఇవ్వొచ్చని దాని షరతుల్లో ఉంది. అక్కడున్న మనవాళ్లు ఆన్ చేసేముందు ఆ పేరా చదువుకోండి. ఇంట్లో ఎవరూ లేని వేళలేవో తెలిస్తే చాలు, దొంగకి మీ ఫొటో అక్కర్లేదు.

"రాత్రిళ్లు ఆపేయండి, ఫాయిల్ చుట్టండి"

ఆపితే కాస్త కరెంటు మిగులుతుంది, మంచిదే. కానీ మీ గదిలో పై అంతస్తు, కింది అంతస్తు, ఎదురింటివాళ్ల వైఫై అన్నీ తిరుగుతూనే ఉంటాయి. ఫాయిల్ చుడితే సిగ్నల్ బలహీనపడి ఫోన్ గట్టిగా అరవాల్సొస్తుంది, దాని బ్యాటరీ మీద పడుతుంది. పిన్ని ఫోన్ సాయంత్రానికే చచ్చిపోతోందన్న ఫిర్యాదు కూడా ఇందాకే విన్నాను.

ఫాయిల్ తీయించాను. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చమన్నాను, వచ్చినప్పటిదే ఉంది. ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయించాను. "మోషన్" అనో "సెన్సింగ్" అనో ఏమైనా ఉంటే ఆఫ్ చెయ్యమన్నాను, ఆ మోడల్లో లేదు. చివరగా, వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసని అడిగాను.

"ఎవరికి తెలుస్తుంది నాన్నా?" అంది పిన్ని. "హాల్లో క్యాలెండర్ మీద రాసి పెట్టానుగా, వచ్చినవాళ్లు అడక్కుండా."