"వంటవాడుగా వెళ్ళాడంతే" అన్న మాట గురించి

పోయిన నెల బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళాను. మాటల్లో మా పెద్ద తాతయ్య ఊసు వచ్చింది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీతో బర్మా వెళ్ళొచ్చారు. "మిలిటరీ అంటారు గానీ బావా, ఆయన తుపాకీ పట్టింది లేదు. వంటవాడుగా వెళ్ళాడంతే" అన్నాడు ఒకాయన. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. అక్కడ నాకు మాట పెగల్లేదు. ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఆ "అంతే" మనసులోంచి పోవడం లేదు.

1944 ఫిబ్రవరిలో బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో ఏం జరిగిందో ఆ మాటన్నాయనకి చెప్పి ఉండాల్సింది. సింజ్వేయా అనే చోట, కొండల మధ్య పొలాల్లో, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 7వ భారత డివిజన్ తన సరుకుల డిపో పెట్టుకుంది. బియ్యం, మందుగుండు, పెట్రోలు, ఒక ఆసుపత్రి. అక్కడ ఉన్నదంతా గుమస్తాలు, డ్రైవర్లు, మెకానిక్‌లు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, వైద్య సిబ్బంది. జపాన్ సైన్యం వెనక నుంచి వచ్చి డివిజన్ హెడ్‌క్వార్టర్స్ మీద పడి చెదరగొట్టి, ఈ డిపోని చుట్టుముట్టింది. ఒక రాత్రి ఆసుపత్రిలోకి చొరబడి రోగుల్ని, డాక్టర్లని చంపేశారు. లోపల కొన్ని టాంకులు, కొంత పదాతిదళం ఉన్న మాట నిజమే. కానీ గట్టు పొడవునా కందకాల్లో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది నిన్నటిదాకా లెక్కలు రాసినవాళ్ళు, లారీలు నడిపినవాళ్ళు. పైనుంచి డకోటా విమానాలు తిండి, మందుగుండు జారవిడుస్తుంటే దాదాపు మూడు వారాలు నిలబడ్డారు. చివరికి తిండి లేక వెనక్కి తగ్గింది చుట్టుముట్టిన జపాన్‌వాళ్ళే. ఈ పోరాటం పేరే "అడ్మిన్ బాక్స్". ఆఫీసు పనివాళ్ళ పెట్టె! చరిత్రలో ఆ పేరుతోనే నిలిచింది.

బర్మా యుద్ధమంతా ఇలాగే నడిచిందని నా అభిప్రాయం. బ్రిటిష్ జనరల్ విలియం స్లిమ్ నడిపిన 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. వాళ్ళతోపాటు గూర్ఖాలు, బ్రిటిష్‌వాళ్ళు, నైజీరియా, ఘనా, కెన్యా, ఉగాండా నుంచి వచ్చిన ఆఫ్రికన్లు. ఉత్తరాన అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్ కింద చైనా, అమెరికా సైన్యాలు. ఇన్ని భాషలు, ఇన్ని రకాల తిండ్లు! ఒకరు గొడ్డు మాంసం ముట్టరు, ఒకరు పంది ముట్టరు, ఒకరికి అన్నం కావాలి, ఒకరికి రొట్టె కావాలి. వానాకాలంలో, తడిసిన కట్టెలతో, పొగ కనిపిస్తే శత్రువు గుండు పడే చోట వండి పెట్టడం ఎంత పనో వంటింట్లో ఒక్క పూట నిలబడినవాళ్ళకి తెలుస్తుంది.

అరకాన్‌లోనే కలదాన్ లోయలో నడిచిన 81వ పశ్చిమాఫ్రికా డివిజన్ సంగతి చూడండి. లారీలు పోయే దారి లేదు. సామానంతా నెత్తిన పెట్టుకుని కొండలెక్కిన మోతగాళ్ళ దళాలు ఉండేవి. అస్సాం నుంచి బర్మా మీదుగా చైనా వైపు లెడో రోడ్డు వేసిన అమెరికన్ సైనికుల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. వాళ్ళ పక్కన వేల మంది మన దేశపు కూలీలు పనిచేశారు. 1,100 మందికి పైగా అమెరికన్లు ఆ పనిలో చనిపోయారని లెక్క ఉంది. మన కూలీల లెక్క ఎవరూ సరిగ్గా రాయలేదు. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం.

ఇక జబ్బులు. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికి 120 మంది జబ్బుతో వచ్చేవారు. మలేరియా, విరేచనాలు, స్క్రబ్ టైఫస్. స్లిమ్ మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్ర రోజూ మింగాల్సిందేనని పట్టుబట్టి, మింగుతున్నారో లేదో ఆకస్మికంగా పరీక్షలు చేయించి, మింగినవాళ్ళ సంఖ్య తగ్గిన యూనిట్ల కమాండర్లని తీసేశాడు. ఆ మాత్రలు పంచినవాళ్ళు, నీళ్ళు మరగబెట్టినవాళ్ళు, మరుగుదొడ్లు తవ్వినవాళ్ళు లేకపోతే తుపాకీ పట్టడానికి మనిషి మిగిలేవాడా? పారాచూట్లకి పట్టు దొరక్కపోతే కలకత్తాలో జనపనారతో కుట్టించారు. ఆ కుట్టినవాళ్ళదీ యుద్ధమే.

అటు జపాన్ జనరల్ ముతగుచి ఇంఫాల్ మీదకి సుమారు 85 వేల మందిని నడిపించాడు. మూడు వారాల తిండి చాలు, ఆ తర్వాత శత్రువు డిపోలు దొరుకుతాయన్నది లెక్క. దొరకలేదు. తిరుగుదారిలో ఆకలితో, జబ్బుతో వేలల్లో రాలిపోయారు. వంటవాడి విలువ తెలియని సైన్యానికి ఏం జరుగుతుందో అక్కడ కనిపిస్తుంది.

"వాళ్ళు తెల్లవాడి జీతం కోసం వెళ్ళారు, అటు నేతాజీ ఫౌజ్ ఉంది కదా" అనేవాళ్ళు ఉంటారు. నేను ఇద్దరికీ దండం పెడతాను. కానీ ఒక్క మాట. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా వైపు జనం రంగం అని పిలుచుకునే రంగూన్‌లో మనవాళ్ళు వేల మంది రేవుల్లో మూటలు మోసేవారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలనేవారు. ఆ ఏడాది రంగూన్ పడిపోతే బర్మాలోని భారతీయులు లక్షల్లో బయల్దేరారు. ఓడ దొరకనివాళ్ళు అడవుల గుండా నడిచారు. దారిలో ఎంతమంది పోయారో! బర్మా యుద్ధం మనకి పరాయిది ఎలా అవుతుంది?

మిలిటరీ కాగితాల్లో వంటవాళ్ళని, నీళ్ళు మోసేవాళ్ళని, పాకీవాళ్ళని "ఫాలోయర్లు" అని రాసేవారు. వెనక నడిచేవాళ్ళు అని. ఆ మాటనే మనం ఇంట్లో, పెళ్ళిలో, "అంతే" అని అంటున్నాం. కోహిమాలో 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కిన దహన స్మారకం ఉంది. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు రాతి స్తంభాల మీద ఉన్నాయి. ఒకసారి వెళ్ళి ఆ పేర్లు చదవాలని ఉంది.

మా పెద్ద తాతయ్య ఏ యూనిట్‌లో పనిచేశారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. డిశ్చార్జి కాగితం చెదలు తినేసిందట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి వైపు మీ ఇళ్ళల్లో ఇలా బర్మా వెళ్ళొచ్చిన ముసలివాళ్ళ కాగితం, పతకం, పే బుక్ ఏదైనా ఉంటే ఈ వారమే ఫోటో తీసి పెట్టండి. యూనిట్ పేరు, నంబరు కనిపించేలా తీయండి. నాకు పంపితే చదివిపెడతాను.