డిజిటల్ ఆంప్ మోడలర్ గారికి ఒక ఆదివారం బాకీదారు వ్రాయునది

మహారాజశ్రీ డిజిటల్ ఆంప్ మోడలర్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. గిటారు చప్పుడును పెద్దది చేసే పాత ఆంపుల గొంతులన్నీ లెక్కలతో అనుకరించే పెట్టె అయిన తమరు నా బల్ల మీద రంగురంగుల దీపాలు వెలిగించుకుని క్షేమంగానే ఉన్నారు. నడుము పట్టేసి, తమరి తాలూకు ఇంకా ఏడు వాయిదాలు కట్టవలసి ఉన్న నేను కూడా క్షేమమేనని తలచగలరు.

నిన్న ఆదివారం జరిగినది తమరికి తెలియనిది కాదు, కారకులు తమరే కాబట్టి. అయినా ఒకచోట రాసి ఉండాలి. పద్దెనిమిదేళ్ల తరవాత మా స్నేహితుడు విజయవాడ నుంచి కూకట్‌పల్లిలోని మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో ఇద్దరం ఒకే ఆంప్‌కు తగిలించుకుని వాయించినవాళ్లం. కీబోర్డూ, పాడేవాడి మైకూ, మా రెండు గిటార్లూ అన్నీ ఆ ఒక్క నల్ల డబ్బాలోకే వెళ్లేవి. దాని నాబ్‌లలో ఒకటి అసలు తిరిగేదే కాదు. అయినా వార్షికోత్సవాలు గడిచాయి. నిన్న వాడు మధ్యాహ్నం రెండింటికల్లా భోజనం ముగించాడు. ఆరున్నరకు బస్సు. చేతులు తుడుచుకుంటూ, "ఏదీ, ఆ కొత్త పెట్టె వినిపించరా" అన్నాడు. "రెండు నిమిషాలు" అన్నాను. అది నా సొంత మాట కాదు. తగిలించడమే ఆలస్యం, వాయించవచ్చని తమరి అట్టపెట్టె మీద అచ్చువేసిన మాట నమ్మి చెప్పినది.

ఆన్ చేయగానే తమరికి కొత్త ఫర్మ్‌వేర్ (తమరి లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మీద మనసు పోయింది. అందుకు కంప్యూటర్‌కు తగిలించాలి. మా ఇంట్లో పదకొండు యూఎస్‌బీ కేబుళ్లు ఉన్నాయి. పది చార్జింగ్‌కు తప్ప మరెందుకూ పనికిరావు. పదకొండోది మా అమ్మాయి బొమ్మల బుట్టలో దొరికింది. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని నేను మొక్కిన దేవుళ్ల జాబితా మరో ఉత్తరంలో రాస్తాను. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ పనిచేసే సామాన్యురాలు. తమరి వంటివారి ప్లగ్గు దాకా దాని వైరు రాదు.

తరవాత గుయ్యిమని రొద. ప్లగ్గు మార్చాను. ఎర్త్ పిన్ను బిగించాను. గిటారు మెడలో వేసుకుని తూర్పుకు తిరిగి నిలబడ్డాను, పడమరకు తిరిగి నిలబడ్డాను. చివరికి తేలినది ఏమిటంటే, దోషం సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్‌ది. దాన్ని రెండులో పెడితే నా గిటారులో తీగల కదలికను అందుకునే సింగిల్ కాయిల్ పికప్‌లు ఆ రొదనంతా గటగటా తాగేస్తున్నాయి. అయిదుకు తిప్పాను. రొద పోయింది, బల్ల మీది కాగితాలూ పోయాయి. ఇంతా చేసి తమరి మెనూ తెరిచి చూద్దును కదా, అందులో "హమ్" అని ఒక నాబ్! పాత వాల్వు ఆంపులు గుయ్యిమనేవి కాబట్టి, ఆ గుయ్యిని కూడా అచ్చం అలాగే, అడిగినంత సరఫరా చేస్తారట తమరు. అరగంట చెమటోడ్చి నేను వదిలించుకున్నదాన్ని!

ఇవన్నీ నేను మరిచిపోగలను. మరిచిపోలేనిది మైకు.

శనివారం రాత్రి ఇల్లంతా నిద్రపోయాక హెడ్‌ఫోన్లలో మెల్లగా వింటూ ఒక టోన్ కుదుర్చుకున్నాను. గుడిగంటలా ఉంది. ఆదివారం అదే టోన్‌ను స్పీకర్లో గట్టిగా పెడితే రేకుడబ్బాలో కందిరీగలు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవికి మంద్రమూ తారమూ సరిగా అందవు. అందడం లేదని వాటిని పెంచుకుంటాం. గట్టిగా పెట్టగానే అవే మీద పడతాయి. చెవి తీరు ఇదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. చిక్కుడుగింజ ఆకారంలో ఎర్రగా వచ్చిన తమరి తాతగారు, ఆ లైన్ 6 పాడ్, పుట్టినదే 1998లో. అంటే అరవై అయిదేళ్ల ముందే తెలిసిన సంగతి. అట్టపెట్టె మీద ఇంత కవిత్వం రాసినవారికి ఆ ఒక్క ముక్క రాయడానికి చోటు చాలలేదు.

సరే, మైకును కాస్త పక్కకు జరిపితే కందిరీగలు తగ్గుతాయి కదా అనుకున్నాను. తమరు ఆంపుతో పాటు దాని స్పీకరునూ, స్పీకరు ముందు పెట్టే మైకునూ కూడా అనుకరిస్తారు కాబట్టి, లేని స్పీకరు ముందున్న లేని మైకును. పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్, దాని ముందు షూర్ ఎస్ఎం57 అనే మైకు. అంగుళం దూరమా, రెండంగుళాలా, రెండున్నరా? స్పీకరు నడిమధ్యనా, అంచునా? నిటారుగానా, వాలుగానా? రెండో మైకు కూడా పెట్టాలా? పెడితే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయే, ఫేజు తిప్పాలా? ఇవి చాలవన్నట్టు పోయిన దీపావళి రాయితీలో నేను కొన్న ఇంపల్స్ రెస్పాన్స్ ఫైళ్లు, అంటే ఒక్కో స్పీకరూ మైకూ కలిసి పలికే తీరును పట్టి ఉంచినవి, 312. ఒక్కొక్కటీ కన్నుమూసి తెరిచేలోగా అయిపోయే చప్పుడు. ఒక ఫైలు ఎక్కించడం, ఇ మైనర్ కార్డు ఒక్కసారి మీటడం, తల వంకరగా పెట్టి వినడం, ఇంకో ఫైలు ఎక్కించడం, "ఇందాకటిదే నయం" అనుకుని వెనక్కి వెళ్లడం, ఇందాకటిది ఏదో మరిచిపోవడం. నలభై ఏడో ఫైలుకూ నూట తొమ్మిదో ఫైలుకూ తేడా ఉంది. ప్రమాణం చేసి చెప్పగలను. అదేమిటని మాత్రం అడగకండి.

ఈలోగా మా స్నేహితుడు గోడకు వేలాడుతున్న నా రెండో గిటారు తీసుకుని సోఫాలో కూర్చున్నాడు. అదీ ఎలక్ట్రిక్ గిటారే. వైరు లేకపోతే దోమ పాడినంత వినిపిస్తుంది. మా అమ్మాయి బొమ్మలు వదిలేసి వచ్చి గిటారు చెక్కకు చెవి ఆనించి కూర్చుంది. వాడు కాలేజీ నాటి పాటలు ఒకదాని తరవాత ఒకటి వాయిస్తున్నాడు. ఒకచోట వాడి ఉంగరం వేలు జారింది. అప్పట్లోనూ అక్కడే జారేది. తలెత్తి నవ్వుదామనుకున్నాను. కానీ అప్పుడే నూట అరవయ్యో ఫైలు ఎక్కింది. "ఒక్క నిమిషం ఆపరా, నాకు వినిపించడం లేదు" అన్నాను.

అన్నాను. పద్దెనిమిదేళ్లకు వచ్చినవాణ్ణి, వాయిస్తున్నవాణ్ణి.

అయిదూ నలభైకి దొరికింది. కొన్న ఫైళ్లన్నీ పక్కన పడేసి తమరి సొంత క్యాబినెట్‌కే తిరిగివచ్చి, మైకును జరిపి జరిపి ఒకచోట నిలిపాను. కందిరీగలు మాయం. వాణ్ణి పిలవబోతూ, ఎందుకైనా మంచిదని తమరితో పాటు పుట్టిన, ముందే కుదిర్చి పెట్టిన టోన్‌ను, మొదటి నంబరు ప్రీసెట్‌ను పోల్చి చూశాను. అదే క్యాబినెట్. అదే ఎస్ఎం57. అవే రెండంగుళాలు. అదే అంచు.

నీకు కొంచెమైనా సిగ్గుందా? డ్రమ్ముల దుకాణం నడుపుకునే జిమ్ మార్షల్ 1962లో లండన్‌లో ఫెండర్ బాస్‌మ్యాన్‌ను ముందు పెట్టుకుని తన ఆంప్ కట్టించాడు. దాని మొహాన ఆరు నాబ్‌లు. దాని నకలు నీలో ఉంది, పేజీలు తిప్పితే తప్ప అంతు చిక్కదు. 1964లో డేవ్ డేవిస్ అనే పదిహేడేళ్ల కుర్రాడు టోన్ కోసం తన చిన్న ఆంప్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు. ఆ చిరుగు లోకమంతా మోగింది. నడిమధ్యనా అంచునా అని ఆ కుర్రాణ్ణి ఎవరైనా అడిగి ఉంటే ఈపాటికి ఇంకా బ్లేడు పట్టుకుని నిలబడే ఉండేవాడు. నాకేం కావాలో నాకు తెలియదని నువ్వు ఎప్పుడో కనిపెట్టావు. కనిపెట్టి, దాన్ని మెనూగా వేసి, నా చేతే తిప్పిస్తున్నావు. మూడు గంటలకు పైగా! ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, వాయించనిచ్చావా?

ఏకవచనం దొర్లింది. మన్నించగలరు. మన్నించకపోయినా పరవాలేదు.

మా స్నేహితుడు చెప్పులు వేసుకుంటూ, "సౌండు బాగుందిరా. పాట ఈసారి వచ్చినప్పుడు వింటాను" అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది.

న్యాయంగా మాట్లాడాలంటే తమరిని పంపేసి నేను చేయగలిగినదేమీ లేదు. ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్ అసలుది కొందామంటే దాదాపు 30 కిలోల బరువు, 85 వాట్లు. అది మా అపార్టుమెంటుకు ఏ లిఫ్టులో వస్తుందో అదే లిఫ్టులో నన్ను దింపేస్తారు. నిన్న రాత్రి పదకొండింటికి, కోపం అన్నంతో పాటు అరిగాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే మొదటి నంబరు ప్రీసెట్ ఆన్ చేశాను. ఏ నాబ్‌నూ ముట్టలేదు. మధ్యాహ్నం వాడు వాయించిన పాటే వేళ్లకు తగిలింది, వాడి వేలు జారే చోటుతో సహా. ఒక్కో స్వరం చివర స్ప్రింగ్ రివర్బ్ ప్రతిధ్వని సన్నగా వణుకుతూ చల్లారుతుంది. అక్కడ స్ప్రింగూ లేదు, వణుకూ లేదు, ఉన్నవన్నీ కూడికలూ గుణకారాలూ అని తెలిసే దీపం ఆర్పేసి కూర్చున్నాను. పక్కగదిలో పడుకున్నవాళ్లకు తీగల చిటచిట తప్ప ఏమీ వినిపించలేదు. ఈ ఒక్క విషయంలో తమరికి ఋణపడి ఉన్నాను, వాయిదాలు కాకుండా.

పన్నెండు దాటాక ఫోనుకు సందేశం వచ్చింది. "బెంజ్ సర్కిల్‌లో దిగాను. ఆ రెండు నిమిషాలు అయ్యాయా?"

జవాబుగా ఆ పాట వాయించి, రికార్డు చేసి పంపుదామనుకున్నాను. అందుకు తమరిని ఫోనుకు తగిలించాలి. పదకొండో కేబుల్‌ను అమ్మాయి మళ్లీ ఎక్కడో దాచింది.

ఇట్లు,
బొమ్మల బుట్ట వెతుకుతున్న
తమరి విధేయుడు