బత్తాయిల కింద స్టెపినీ

తెలంగాణలో పేరున్న పిల్లలమర్రులు రెండు. ఒకటి సూర్యాపేట పక్కన ఊరు. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్ల కాలపు గుళ్లు అక్కడ ఉన్నాయి, 1208 నాటి ఎరకేశ్వరాలయంతో సహా. రెండోది మహబూబ్‌నగర్ పక్కన మర్రిచెట్టు. దాదాపు మూడెకరాల ఊడలమారి, 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో మందెక్కించుకున్న పేషెంటు. ఫోనుకు ఈ తేడాతో పనిలేదు. పేరు కొడితే తనకు తోచిన పిల్లలమర్రికి దారి చూపిస్తుంది.

హైదరాబాద్ నుంచి గుళ్లు చూద్దామని పొద్దున్నే బయల్దేరిన కుటుంబానికి సంగతి షాద్‌నగర్‌లో ఇడ్లీ తింటుండగా తెలుస్తుంది. పక్క బల్ల మీదాయన చెవినేసుకుని, "సూర్యాపేటకా? గది విజయవాడ రోడ్డు కదన్నా!" అంటాడు. ఫోనులో దారి పెట్టిందెవరన్న చర్చ ఔటర్ రింగు రోడ్డు మీద సగం దాకా నడుస్తుంది. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, చౌటుప్పల్ దాటి, నార్కట్‌పల్లి చేరేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. "సూర్యాపేట సాయంత్రం చూద్దాం, ముందు నల్లగొండ" అని బండి మళ్లిస్తారు. నిజానికి ఇది మంచి నిర్ణయమే. పాత గుళ్లున్న పానగల్లు నల్లగొండ పక్కనే, నాలుగు కిలోమీటర్లు.

పానగల్లు ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్లు చేసే మొదటి పని, మండపంలో స్తంభాలను ఒక్కొక్కటే కావిలించుకుని "ఇదేనా? ఇదా?" అని వెతకడం. నేరుగా పడే ఎండైతే సూర్యుడితో పాటు నీడా జరగాలి. ఇక్కడ పనిచేసేది పక్కల నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు, అందుకే నీడకు కదలిక లేదు. కానీ ఆ వెలుతురు దారిలో ఆరుగురు నిలబడి మెడలు సాచితే నీడకు చోటెక్కడ? "ఏదీ, కనిపిస్తలేదే" అని ఒకాయన ఫోను టార్చి వేస్తాడు. దాంతో ఉన్న కాస్త నీడా పోతుంది. టార్చి ఆపి, గుమ్మం వదిలి పక్కకు జరిగి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఆ రెండు నిమిషాలే ఎవరి దగ్గరా ఉండవు.

గుడి చుట్టూ వరి పొలాలు. గట్టు మీదొక పెద్దమ్మ.

"ఏ ఊరు బిడ్డా? బువ్వ తిన్నరా?"

"తిన్నం పెద్దమ్మా."

"ఏం కూర?"

ఇక్కడే దొరికిపోతారు. జవాబు రెండు క్షణాల్లో రావాలి, అదీ అందరి నోటా ఒకటే కూర రావాలి. భర్త పప్పు అని, భార్య వంకాయ అని, పిల్లోడు "ఇడ్లీ" అన్నాక ఇక చేసేదేం లేదు. "చాయన్న తాగి పోండ్రి" అంటే ఐదు నిమిషాల పని అనుకుంటారు. బర్రెను పిండాలి, అంతకుముందు దుడ్డెను వదలాలి. ఈలోపు జొన్నరొట్టె పెనం మీదికెక్కుతుంది, పచ్చిపులుసు గిన్నె దిగుతుంది, ఎల్లిపాయ కారం రోట్లో పడుతుంది. రెండో రొట్టె వద్దంటే "బాగలేదా?" అంటుంది, బాగుందంటే మూడోది పడుతుంది.

పోతూ పోతూ మొగాయన పర్సు తీస్తాడు. "పైసలిస్తవా? అమ్ముకోనీకి పెట్టిన్నా?" అని మందలించి, ఆ కోపం తీరడానికి తోటలోంచి ఒక బస్తా బత్తాయిలు తెప్పించి డిక్కీలో వేయిస్తుంది. నల్లగొండ బత్తాయి, ముప్పై కిలోలకు తక్కువుండదు. బస్తా నోరు కట్టడానికి సుతిలి దొరకదు. "ఏం కాదు తీయ్, పొండ్రి."

బండి నిజంగానే పోతుంది, కిలోమీటరు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్నే కాదు, టైరునూ వదలదు. వెనక ఎడమ చక్రం నేలకు దిగాక గుర్తొస్తుంది, స్టెపినీ డిక్కీ అడుగున, చాప కింద, బత్తాయిల బస్తా కింద ఉందని. బస్తా లాగగానే కట్టని నోరు తెరుచుకుని సగం పండ్లు రోడ్డు మీదికి దొర్లుతాయి. మిగతావి ఒక పట్టా పరిచి కుప్ప పోస్తారు.

ఇక చక్రం. నట్లు బండి లేపకముందే అర చుట్టు వదులు చెయ్యాలి, లేపాక తిప్పితే చక్రమే తిరుగుతుంది. ఇది తెలిసేది లేపాకే. మెత్తటి మట్టిలో జాకీ పైకి లేవదు, తనే కిందికి దిగుతుంది. కింద బండరాయో చెక్కో పెట్టాలి. అన్నీ అయి స్టెపినీ ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, జాకీ దించితే ఆ టైరూ చదునవుతుంది. కొన్నప్పటి నుంచి దానిలో గాలి చూసినవాడు లేడు.

పంక్చరు షాపు కోసం ఒకరు అటుగా వచ్చిన బైకు వెనకెక్కి వెళ్లారు. మిగిలినవాళ్లు రోడ్డు పక్కన, పట్టా మీద పోసిన బత్తాయిల కుప్ప దగ్గర కూర్చున్నారు. ఒక ఆటో ఆగింది. లోపలి నుంచి ఒక తల బయటికొచ్చింది.

"కిలో ఎట్లిస్తున్నవన్నా?"