నాలుగో తీగ గారూ, మీకో దండం

శ్రీమతి నాలుగో తీగ గారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే కుదరట్లేదు, మీరు రెండు ముక్కలై నా గిటార్ కేసు జేబులో ఉన్నారు.

నిన్న సాయంత్రం సంగతి మీకు గుర్తు చెయ్యక్కర్లేదు. సెవిల్ ఊళ్ళోని ట్రియానా పేటలో ఫ్లమెంకో డాన్స్ క్లాసు, సోలేయా అనే పన్నెండు మాత్రల పాట నడుస్తోంది, డాన్సరావిడ ఎస్కోబియా, అంటే అడుగుల ఘట్టం ఎత్తుకుని చెక్క నేలని మడమలతో దడదడలాడించేస్తోంది, నేనేమో పన్నెండు మాత్రల లెక్క ఎక్కడ తప్పుతుందోనని ఊపిరి బిగబట్టి వాయిస్తున్నా, సరిగ్గా పదో మాత్ర మీద రాస్గెయాదో, అంటే వేళ్ళన్నీ విసిరి తీగలన్నిటినీ మీటే వాయింపు, దించేసరికి టప్‌మన్నారు. కట్టి ఎనిమిది రోజులండీ. కొత్తిమీర కట్ట కూడా ఫ్రిజ్‌లో అన్ని రోజులుంటుంది. మాస్టారు నవ్వి "నో పాసా నాదా", ఏం పర్లేదు అన్నాడు. నాదా అంటే వాళ్ళకి ఏమీ లేదని. నిజమే మరి, నా గిటార్లో ఆ టైముకి నాదం ఏమీ లేదు.

మీ తోటివాళ్ళు కూడా తక్కువ తిన్నారని కాదు. మూడో తీగ గారు మిల్లీమీటరు లావు నైలాన్, మీటితే గుమ్మడికాయ మీద కొట్టినట్టుంటుంది, కొత్తల్లో నాలుగు రోజులు సాగుతూనే ఉంటారు, శ్రుతి చేసి చెయ్యి తీసేలోపు దిగిపోతారు. పోనీ అని కార్బన్ సెట్టు వేశా, అదే చేపల గాలానికి కట్టే సరుకు, సన్నగా ఉంటుంది, పికాదోకి, అంటే రెండు వేళ్ళతో మార్చి మార్చి ఒక్కో స్వరం మీటేదానికి, వేలి కింద చకచకా తిరిగొస్తుంది, కానీ గుంపులో ఒకడికే మైకిచ్చినట్టు మిగతావాళ్ళని వినపడనివ్వదు. తర్వాత నల్ల నైలాన్. నలుపు నారాయణ మెచ్చు అంటారు కదా, నాక్కూడా ఆ గొంతు కాస్త పొడిగా, పాతకాలపు గిటార్‌లా వినిపించి నచ్చింది, చెవి మెచ్చిందో కన్ను మెచ్చిందో మాత్రం ఒట్టేసి చెప్పలేను. ఇంకోటి హై టెన్షన్. ఆ మాట మా ఊళ్ళో కరెంటు స్తంభాల మీద పుర్రె బొమ్మ పక్కన రాస్తారు, ఇక్కడ డబ్బిచ్చి కొనుక్కున్నా. ఫ్లమెంకో గిటార్‌కి తీగలు మెడ మీది లోహపు మెట్లకి, అదే ఫ్రెట్లకి, బాగా దగ్గరగా కిందికి ఉంటాయి కాబట్టి గట్టి తీగ వేస్తే జరజర తగ్గుతుంది, రాస్గెయాదోకి వేళ్ళకి ఆనుకునే దన్ను దొరుకుతుంది, గంట వాయిస్తే ఎడం చేతి బొటనవేలి మొదలు పచ్చి పుండు. ఇవన్నీ ఓర్చుకున్నా.

కానీ సెట్టు ఏదైనా, రంగు ఏదైనా, ముందు పోయేది మీరే! ఎప్పుడూ మీరే!

ఎందుకో నాకు తెలుసండీ, తెలియక అడగట్లేదు. పోర్ అర్రిబా (E శ్రుతి) వాయించినా పోర్ మెదియో (A శ్రుతి) వాయించినా, పాట తిరిగి వచ్చి వాలే ఆ రెండు కార్డుల్లోనూ (కలిపి మోగించే స్వరాల గుంపుల్లోనూ) కాపో, అంటే మెడకి బిగించే క్లిప్పు, దగ్గర్నుంచి రెండో ఫ్రెట్ మీద మీ పీకే నొక్కాలి. కింద ఇనుములాంటి ఫ్రెట్టు, పైన నా వేలు, మధ్యలో మీ ఒంటి మీది చుట్టు. పైగా ముగ్గురు బేస్ అక్కచెల్లెళ్ళలో సన్నది మీరే, ఒంటికి చుట్టిన తీగా సన్నదే. నాలుగో రోజుకి అక్కడ గోరు పెడితే తగిలే గాటు, ఆరో రోజుకి లోపలి తెల్ల పోగులు బయటికి, ఎనిమిదో రోజుకి నిన్నటి సాయంత్రం.

లోపల నైలాన్ పోగులు, పైన వెండి పూత పూసిన రాగి తీగ. వెనకటికి అయితే లోపల పట్టే, మొదటి మూడు తీగలూ గొర్రె పేగులు. రెండో ప్రపంచ యుద్ధంలో పేగంతా ఆపరేషన్ కుట్లకి పోతే, న్యూయార్క్‌లో గిటార్లు చేసే ఆల్బర్ట్ అగస్టీన్, స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా సాయంతో నైలాన్ తీగలు తీశాడు, అలా మీకు పట్టు పోయింది. పట్టు మీద వెండి తీగ చుడితే మా వైపు దాన్ని జరీ అంటారండీ. మా అమ్మమ్మ ధర్మవరం చీర జరీ నలభై ఏళ్ళు దాటినా చెక్కు చెదర్లేదు, ఆ చీర కట్టుకుని ఆవిడ వందమందికి వడ్డించింది కూడా. మీకు ఎనిమిది రోజులు, అదీ ఏసీ గదిలో.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. గాటు పడగానే వదులు చేసి బ్రిడ్జి వైపు అర సెంటీమీటరు లాగి మళ్ళీ కట్టా, మరక కనపడకుండా చీర కుచ్చిళ్ళు మార్చి కట్టినట్టు. రెండ్రోజులు ఆగారు. విడిగా మీరొక్కరే కావాలని కొట్టుకెళ్తే అయిపోయిందన్నాడు, అందరూ అదే అడుగుతారట! మరి అందరూ అదే అడుగుతుంటే సెట్టులో ఇంకో నాలుగో తీగ పడెయ్యడానికి ఎవడి సొమ్ము పోయింది? మీకోసం ఆరు కొనాలి, మీరు పోతే మిగిలిన ఐదుగురినీ డ్రాయర్లో పెట్టాలి, నా డ్రాయర్లో ఇప్పుడు వాడని ఆరో తీగలు తొమ్మిదున్నాయి, బట్టలారేసుకోవాలా నేను? అసలు నీకు సిగ్గుందా? క్లాసు ముందు తెగచ్చు కదా, క్లాసయ్యాక తెగచ్చు కదా, ఆ పదో మాత్రే కావాలా నీకు?

పోనీలే. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా నీ గొంతు తల్చుకుంటే ఇంకా తిట్టబుద్ధి కాదు. కొత్త తీగ కీచుదనం పోయి, ఇంకా చచ్చుబడక, బొటనవేలితో పైకీ కిందికీ మీటే అల్సాపువా వేస్తే డప్పు మీద సిర్ర పడ్డట్టు ఎండుగా, పొట్టిగా, తెగ్గొట్టినట్టు పలుకుతావు. కార్బన్‌కీ ఆ పలుకు రాదు, మీ లావు అక్కలకీ రాదు. ఆ మూడు రోజుల కోసమే కదా ఈ వెధవ ఖర్చంతా.

కొత్తదాన్ని కట్టా. ఐదో తీగ ఐదో ఫ్రెట్‌తో కలిపి చూశా, ఇంకా సాగుతోంది. శుక్రవారం అలెగ్రియాస్, అదే ఇంకో ఫ్లమెంకో పాట, ఉంది, ఆ రాత్రి దాకా ఉండవే తల్లీ, శనివారం నీ ఇష్టం.

ఇట్లు,
ప్రస్తుతానికి ఆరు తీగల మనిషి