బ్రేకు పెడల్ గారికి సంజాయిషీ నోటీసు

బ్రేకు పెడల్ గారికి,

ఇందుమూలముగా మీకు తెలియజేయునది ఏమనగా, రోడ్లెక్కి తిరిగే సగటు వాహనదారులమైన మేమంతా మీ పనితీరు పట్ల తీవ్ర అసంతృప్తితో ఉన్నాం. మాకు నచ్చిన వేగంలో మేం పోతాం. ముందు బండి బంపర్‌ని ముద్దు పెట్టుకునేంత దగ్గరగా పోతాం. ఒక కన్ను ఫోన్ మీద వేసి ఉంచుతాం. చివరాఖరి క్షణంలో మిమ్మల్ని ఒక్క తొక్కు తొక్కుతాం, బండి అక్కడికక్కడే ఆగిపోవాలి. మనమధ్య ఉన్న ఒప్పందం ఇదే అని మా నమ్మకం. దాన్ని మీరు పదేపదే ఉల్లంఘిస్తున్నారు గనుక ఈ కింది ఆరోపణలకు సంజాయిషీ ఇవ్వగలరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆలస్యం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి మీరు దాదాపు 45 మీటర్లు తీసుకున్నారు. అందులో 25 మీటర్లు మీ ఖాతాలోవి కావని మీరు వాదిస్తారని తెలుసు. 60 అంటే సెకనుకు 16.7 మీటర్లు. అడ్డం కంటపడి, అది అడ్డమేనని బుర్రకెక్కి, యాక్సిలరేటర్ మీది కాలు లేచి మీ మీదికి వచ్చేసరికి ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. ఆ 25 మీటర్లూ బండి వేగం ఇసుమంతైనా తగ్గదు, ఎందుకంటే మిమ్మల్నింకా ఎవరూ ముట్టుకోలేదు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే మీరు తీసుకున్నది 20 మీటర్లే. సరే, కాగితం మీద మీరు గెలిచారు. కానీ మాకు కావలసింది న్యాయం కాదు, బండి ఆగడం.

ఇక మీ లెక్కలు మాకు బొత్తిగా మింగుడుపడవు. ఒకేచోట, ఒకే క్షణంలో, ఒకే అడ్డాన్ని ఇద్దరు చూశారు. ఒకరు 60లో ఉన్నారు, మరొకరు 80లో. 60లో ఉన్నాయన సరిగ్గా అడ్డం ముందు ఆగాడు. మరి 80లో ఉన్నాయన ఎంత వేగంతో గుద్దుతాడు? ఎనభైలోంచి అరవై పోతే ఇరవై, ఇది మా లెక్క. మీ లెక్క ప్రకారం 65 పైనే! ఆయన కాలు లేచేలోపే 33 మీటర్లు అయిపోయాయట, మీ చేతికి మిగిలింది 11 మీటర్ల చిల్లరేనట. పైగా వదిలించాల్సిన శక్తి వేగంతో పాటు కాక వేగం వర్గంతో పెరుగుతుందట. 60 నుంచి 80కి వేగం మూడో వంతే పెరిగినా శక్తి ముప్పాతిక వంతు పైగా పెరిగిందట. అంటే ఒకాయన చుక్క నెత్తురు కారకుండా దిగి నిలబడిన చోటికి, రెండో ఆయన మొదటాయన బయలుదేరిన వేగం కంటే ఎక్కువ వేగంతో వచ్చి తగులుకున్నాడు. ఇలాంటి అంకగణితాన్ని మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గానీ, దాన్ని మార్చే ఉద్దేశం మాత్రం మీకున్నట్టు లేదు.

ముందు బండికి మూడు సెకన్ల ఎడం వదలమని మీ సిఫారసు. ముందు బండి ఏదో ఒక స్తంభాన్నో బోర్డునో దాటగానే నూటొకటి, నూటరెండు, నూటమూడు అని లెక్కపెట్టాలి, అది పూర్తయ్యాకే మన బండి అక్కడికి చేరాలి. వాన పడితే ఆరు. ఇందులో మీటర్ల గొడవ లేదు, వేగం ఎంతైనా సెకన్లు అవే, ఇదొక్కటీ ఒప్పుకుంటాం. కానీ ఆ ఖాళీలోకి ఎవడో దూరిపోతే మా పరువేం కావాలి? దూరిన ప్రతివాడి వెనకా మళ్లీ కాస్త తగ్గితే ఒక్కోసారి పోయేది మూడు సెకన్లే అంటారు మీరు. ఇది పరువు సమస్య అని చెబుతుంటే మళ్లీ సెకన్లంటారు!

రెండో ఆరోపణ ఘాట్ రోడ్డులో జరిగినది. కొండ మీంచి కింది దాకా మీ మీద కాలు తీయకుండా దిగాం. అంత నమ్మకం మీమీద. సగం దారిలో కాలిన వాసన, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టు లేదు. మీ పని బండిని ఆపడం అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. తీరా చూస్తే మీరు చేసేది వేగాన్ని వేడిగా మార్చడమేనట. 1,500 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 74 లక్షల జౌల్స్ ఎక్కడో ఒకచోట వదలాలి. 23 లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా తెచ్చే వేడి అది. గాలి కొంత, టైర్ల రాపిడి కొంత పంచుకోగా మిగిలిందంతా చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని నొక్కిపట్టే, అరచేతి వెడల్పు కూడా లేని ప్యాడ్ల నెత్తిన పడింది. ఒక హద్దు దాటి వేడెక్కితే ప్యాడ్లకు డిస్క్‌ మీద పట్టు తప్పుతుంది.

దీనికి విరుగుడు ఇంజిన్ దగ్గర ఉందని మీరు ముందే చెప్పారని రికార్డులో ఉంది. కొండ ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ ఇంచుమించు ఆ గేరే. వాలు మొదలవక ముందే వేసుకోవాలి, బండి ఊపందుకున్నాక కాదు. ఆటోమేటిక్ అయితే కింది గేర్లకు మార్చే ఏర్పాటు ఉంటుంది, దాని కోసమే పెట్టారు. ఆ తర్వాత మిమ్మల్ని నొక్కిపట్టి ఉంచకూడదు. గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ కాసేపే మీకు చల్లారే సమయం.

మేం అలా చేయలేదు. పెట్రోలు ఆదా చేద్దామని న్యూట్రల్‌లో వేసి దిగాం. మాలో మరీ పొదుపరులు ఇంజినే ఆపేశారు. అప్పుడు మీరు చేసిన నిర్వాకం చూడండి. రెండు మూడు తొక్కులకే రాయిలా బిగుసుకుపోయారు. మా కాలి బలాన్ని పెంచుతూ మీకు తోడుగా ఉండే బూస్టర్‌కి ఇంజిన్ తిరిగితేనే శక్తి అందుతుందనీ, ఆపేస్తే నిల్వ ఉన్నది రెండు మూడు తొక్కులకే సరిపోతుందనీ తర్వాత తెలిసింది. స్టీరింగ్ కూడా బరువెక్కింది. తాళంచెవి బయటికి లాగినవారికైతే స్టీరింగే పట్టేసింది. ఇంత చేసీ మిగిల్చిన పెట్రోలు లేదు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే వాలులో ఇంధనం సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి కాస్త తాగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే మమ్మల్ని బాధించింది మీ రెండు నాల్కల ధోరణి. ఘాట్ దిగుతున్నప్పుడు అమాంతం నేలకంటుకుపోయారు. గంట తర్వాత మెకానిక్ తొక్కి చూస్తే ఏమీ ఎరగనట్టు గట్టిగా, నిక్కచ్చిగా నిలబడ్డారు. తప్పంతా బ్రేక్ ఆయిల్‌ది అన్నాడాయన. అది గాల్లోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలుండాలి. 3.7 శాతం నీరు చేరితే ప్రమాణం ప్రకారం 155 డిగ్రీలున్నా చాలు. పాత ఆయిల్ వేడి ప్యాడ్ల దగ్గర మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది. మా కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారితే బుడగలు మాయం, సాక్ష్యమూ మాయం. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా. మేం మార్చలేదు. డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా పోసి నింపాం, శ్రద్ధ అంటే అదే అనుకున్నాం. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారణం చూడకుండా పోయడం మీ ఫిర్యాదు పత్రాన్ని చింపి చెత్తబుట్టలో వేయడమేనని మీరనవచ్చు. అనండి.

ఫిర్యాదులంటే గుర్తొచ్చింది, మీరు చేసే చప్పుళ్లు. తొక్కినప్పుడల్లా కీచుమంటున్నారని మేం పాటల సౌండు పెంచాం. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగినప్పుడు డిస్క్‌ని గీరేలా చాలా బండ్లలో ఒక చిన్న రేకు పెడతారట, అది మా కోసమేనట. ఇంకొన్నాళ్లకు కీచు పోయి గరగర వచ్చింది. సమస్య తనంతట తానే మారిందని సంతోషించాం. నిజానికి ప్యాడ్ మొత్తం అయిపోయి దాని వెనక ఇనుప పలక డిస్క్‌ని దున్నుతోంది. ప్యాడ్లతో పోయేది డిస్క్‌ల దాకా వచ్చింది. (వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు తొక్కులకు వచ్చే గరగర వేరు. అది డిస్క్ మీది పల్చటి తుప్పు, తొక్కితే పోతుంది. దానికి బెంబేలెత్తి మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్లూ మాలో ఉన్నారు, గరగరలాడుతూ ఏడాది తిరిగేవాళ్లూ ఉన్నారు.)

మీరు స్పాంజిలా మెత్తబడితే పైపుల్లో గాలి చేరింది, దాన్ని బయటికి తీసే బ్లీడింగ్ చేయించాలి. సిగ్నల్ దగ్గర నొక్కి ఉంచినప్పుడు మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే మా తొక్కుడును ఆయిల్‌లో ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు పోయాయి, ఆ బండి ఇక కదలకూడదు. వేగంలో తొక్కినప్పుడు కాలి కింద అదురుతుంటే డిస్క్ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. బండి ఒక పక్కకి లాగుతుంటే ఒక చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే కాలిపర్ బిగుసుకుని ఉండొచ్చు. ఇన్ని భాషల్లో చెబుతున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర దీపం కూడా వెలిగించారట. దాని మీద మేం స్టిక్కర్ అంటించాం.

ఇక ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్) సంగతి. 1978లో బాష్ తయారుచేయగా మెర్సిడెస్ కార్లలోకి వచ్చిన ఈ ఏర్పాటును మేం బ్రోచర్‌లో చూసే బండి కొన్నాం. అవసరం పడ్డ రోజున గట్టిగా తొక్కితే మీరు గడగడమని మా కాలిని తన్నారు. విరిగిపోయిందేమోనని కాలు తీసేశాం. తీయకూడదట. ఆ గడగడే ఏబీఎస్ పని చేస్తున్న గుర్తు. చక్రం బిగుసుకుపోకుండా సెకనుకు ఎన్నోసార్లు వదిలి పట్టుకుంటోందట. ఉన్న బలమంతా పెట్టి నొక్కి ఉంచి స్టీరింగ్ తిప్పుకోవాలి. చక్రం దొర్లుతుంటేనే బండి తిప్పినవైపు తిరుగుతుంది, అది తిరగడానికే ఏబీఎస్. అది దూరాన్ని మాయం చేసే మంత్రం కాదు. కంకర రోడ్డు మీద ఆగే దూరం పెరగనూ వచ్చు. బెదిరినప్పుడు జనం వేగంగా తొక్కుతారే గానీ గట్టిగా తొక్కరని గమనించి 1996లో, తగ్గిన బలాన్ని తానే కలిపే బ్రేక్ అసిస్ట్ తెచ్చారు. మా చేతగానితనానికి కూడా ఒక పరికరం కనిపెట్టారంటే మేం ఇంకా ఎందుకు మారాలి?

ద్విచక్ర వాహనదారుల విభాగం నుంచి వేరే అర్జీ అందింది. ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతామని వాళ్లు జీవితాంతం వెనక దానితోనే నెట్టుకొస్తున్నారు. గట్టిగా ఆపినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనకది తేలికైపోయి జారుతుంది. కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందుదే. బండి నిటారుగా ఉన్నప్పుడు రెండూ కలిపి, ముందుది గుంజకుండా పిండినట్టు క్రమంగా బిగించాలి. వంపులో, ఇసుకలో ముందు బ్రేకుతో జాగ్రత్త. ఖాళీ మైదానంలో నాలుగుసార్లు చేసి చూస్తే తెలిసే విషయం. రోడ్డు మీద లారీ ముందు నేర్చుకోవడమే మావాళ్లకు అలవాటు.

మీ పక్షాన సాక్షులుగా టైర్లు వచ్చాయి. మీరు ఆపేది చక్రాన్ని, బండిని ఆపేది మేమని వాటి వాంగ్మూలం. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత. గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చాలా దేశాల చట్టాల ప్రకారం అవి చెల్లవు, వాన రోడ్డు మీద పట్టు అంతకు ముందే జారిపోతుంది. గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసి ఉన్నది గరిష్ఠ హద్దు, మేం ఇన్నాళ్లూ నింపింది దాని ప్రకారమే. కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, నెలకోసారైనా.

మీ కింద నీళ్ల సీసా దొర్లి ఇరుక్కున్న కేసు విచారణలో ఉంది. సీసా మాదే. మడతపడిన ఫ్లోర్ మ్యాట్ కూడా మాదే.

మీకు చేరేలోపే జరిగే ఆలస్యంలో మా మందు పాత్ర, నిద్ర పాత్ర గురించి ప్రస్తావించవద్దని మనవి. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లో ఒక పరిశోధన తేల్చింది, అదంతా మా వ్యక్తిగతం. అలాగే బెల్టు విషయం. మీరు కారును ఆపగలరు గానీ కారులోని మనుషుల్ని ఆపలేరట. వాళ్లు అదే వేగంతో ముందుకు పోతుంటారట, వాళ్ల బ్రేకు బెల్టేనట. వెనక సీటు వాళ్లకు ఇది వర్తించదని మా అభిప్రాయం. దీనికి ఆధారమేమీ లేదు.

ఒకవేళ మీరు పూర్తిగా సహాయ నిరాకరణకు దిగితే మేం తీసుకోబోయే చర్యలు ఇవి: మిమ్మల్ని టపటపా పదేపదే తొక్కుతాం, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. ఒక్కో గేరూ కిందికి దించుతాం. హ్యాండ్ బ్రేక్‌ని బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగుతాం, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి గిరగిరా తిరుగుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉంటే ఆ బటన్ని పట్టుకునే ఉంటాం, చాలా బండ్లలో అది క్రమంగా ఆపుతుంది. ఇంజిన్ మాత్రం ఆపం. హజార్డ్ లైట్లు వేసి, హారన్ మోగిస్తూ ఎగువ వాలుకో ఖాళీ చోటుకో తిప్పుతాం.

పై ఆరోపణలకు ఈ నోటీసు అందిన ఒకటిన్నర సెకనులోగా మీ సంజాయిషీ సమర్పించగలరు.

ఇట్లు,
సగటు వాహనదారులు

జతపరచినవి: నీళ్ల సీసా 1 (నొక్కుకుపోయినది), ప్యాడ్ల వెనక పలకలు 4, ఎర్ర దీపం మీంచి పీకిన స్టిక్కర్ 1.

నకలు: యాక్సిలరేటర్ గారికి, సమాచారం నిమిత్తం. మీమీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.