రెఫరీని పంపేది ఎవరు?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రెఫరీల మీద రచ్చ ఏటా మార్చిలో మొదలవుతుంది, ఏప్రిల్ మొదటి వారంలో ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో నాలుగు జట్లు మిగిలే ఆఖరి దశ) నాటికి తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. 2025లో శాన్ ఆంటోనియోలో జరిగిన డ్యూక్, హ్యూస్టన్ సెమీస్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంకా 19.6 సెకన్లు మిగిలి ఉండగా, డ్యూక్ ఒక్క పాయింట్ ముందుండగా, రీబౌండ్ కోసం ఎగిరిన డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ వెనక నుంచి మీద పడ్డాడంటూ విజిల్ మోగింది. హ్యూస్టన్ ఆటగాడు జేవాన్ రాబర్ట్స్ రెండు ఫ్రీత్రోలూ వేశాడు, హ్యూస్టన్ 70-67తో గెలిచింది. అది ఫౌలా, కాదా అని సోషల్ మీడియాలో రోజుల తరబడి కొట్టుకున్నారు. అక్కడి యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు కూడా ఆ వీడియో ముక్కల్ని గ్రూపుల్లో తిప్పుతూనే ఉన్నారు.

ఆ విజిల్ సరైనదా కాదా అన్నదాని మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఎందుకంటే ఒక్కో విజిల్‌ని పట్టుకుని పోట్లాడుతున్నంత కాలం అసలు విషయం పక్కకు పోతూనే ఉంటుంది. ఆ రెఫరీని ఆ మ్యాచ్‌కి ఎవరు పంపారు, వచ్చే వారం మ్యాచ్ ఇచ్చేది ఎవరు, ఇవ్వకుండా ఆపగలిగేది ఎవరు? కాలేజీ బాస్కెట్‌బాల్ రెఫరీయింగ్‌లో న్యాయం జరుగుతోందా అని అడిగేవాళ్లు ముందు ఈ మూడింటికీ జవాబు వెతకాలి.

2013 నాటి సంగతి ఒకటుంది. లాస్ వేగాస్‌లో పాక్-12 కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఏర్పాటు చేసుకున్న లీగ్) టోర్నీ, అరిజోనాకూ యూసీఎల్‌ఏకూ సెమీస్. చివరి అయిదు నిమిషాల్లో అరిజోనా కోచ్ షాన్ మిల్లర్‌కి టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన బాగాలేదని ఇచ్చే ఫౌల్) ఇచ్చారు. తను తిట్టలేదనీ, అవతలి ఆటగాడు బంతిని తాకాడని మాత్రమే అన్నాననీ మిల్లర్ చెప్పాడు. మ్యాచ్ తర్వాత విలేకరుల ముందు అదే మాటను పదే పదే, ఒక్కో పదం ఒత్తి పలికాడు. అరిజోనా ఓడింది రెండే పాయింట్ల తేడాతో, 66-64. అంతటితో అయిపోయిందనుకున్నారు. కొన్ని వారాలకు బయటపడింది ఏమిటంటే, ఆ కాన్ఫరెన్స్ రెఫరీలకు పెద్ద తలకాయ అయిన కోఆర్డినేటర్ ఎడ్ రష్, టోర్నీ రోజుల్లో రెఫరీల మీటింగ్‌లో, మిల్లర్‌కి టెక్నికల్ ఇస్తే 5,000 డాలర్లో, మెక్సికోలోని కాంకూన్ బీచ్‌కి ట్రిప్పో ఇస్తానన్నాడట. సరదాగా అన్న మాటే అని కాన్ఫరెన్స్ ముందు ఆయన్ని వెనకేసుకొచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో రష్ రాజీనామా చేశాడు. ఇక మిల్లర్‌కి, మ్యాచ్ తర్వాత రెఫరీతో, కాన్ఫరెన్స్ సిబ్బందితో దురుసుగా ప్రవర్తించాడని 25,000 డాలర్ల జరిమానా పడింది.

సరదాకే అన్నాడనుకుందాం. కానీ ఆ గదిలో కూర్చున్న రెఫరీల్లో ఎవరికి ఎన్ని మ్యాచ్‌లు, ఏ మ్యాచ్‌లు ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే. ఆఫీసులో పని చేసిన ఎవరికైనా తెలుసు, పై అధికారి నవ్వుతూ అన్న మాటను కింది ఉద్యోగి నవ్వి వదిలెయ్యలేడు. ఎవరూ డబ్బు తీసుకోనక్కర్లేదు, ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు. ఫలానా కోచ్ అంటే మా బాస్‌కి గిట్టదు అన్న సంగతి తెలిస్తే చాలు, విజిల్ మీద వేలు కాస్త తొందరపడుతుంది. ఎడ్ రష్ వెళ్లిపోయాడు, ఆయన కూర్చున్న కుర్చీ మాత్రం అన్ని కాన్ఫరెన్సుల్లోనూ ఇవాళ్టికీ అలాగే ఉంది.

ఆ కుర్చీ గురించి చాలామందికి తెలియదు. కాలేజీ రెఫరీలు ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంస్థ) ఉద్యోగులు కారు. కాన్ఫరెన్సుల దగ్గర మ్యాచ్‌కి ఇంత అని తీసుకునే ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు. నెల జీతం లేదు, రేపు మ్యాచ్ దొరుకుతుందన్న హామీ లేదు. పేరున్న రెఫరీ సీజన్‌లో 70, 80 మ్యాచ్‌లు చేస్తాడు, వారానికి అయిదారు రాత్రులు ఒక్కో ఊళ్లో విజిల్ ఊది, తెల్లారి విమానం ఎక్కుతాడు. ఆ మ్యాచ్‌లు పంచేది కాన్ఫరెన్స్ కోఆర్డినేటర్. ఒకే మనిషి రెండు మూడు కాన్ఫరెన్సులకు కోఆర్డినేటర్‌గా ఉండటం కూడా మామూలే. ఆయనకి జీతం ఇచ్చేది కాన్ఫరెన్స్. కాన్ఫరెన్స్ అంటే ఎవరు? ఆ కాలేజీలే. కోచ్‌లు ప్రతి మ్యాచ్ తర్వాత వీడియో ముక్కలు పంపి, ఈ రెఫరీ మాకు వద్దు అన్నట్టుగా ఫిర్యాదు చేసే చోటు కూడా అదే. కొంచెం వెనక్కి నిలబడి చూస్తే, ఆడేవాళ్లే తీర్పు చెప్పేవాడికి పని ఇస్తున్నారు, పని ఆపుతున్నారు.

ఒకే కాన్ఫరెన్స్‌లోని రెండు జట్లు ఆడితే ఇద్దరికీ ఆ పట్టు సమానమే కదా అనొచ్చు. సరే. నవంబర్, డిసెంబర్ మ్యాచ్‌ల సంగతేంటి? అక్కడే నాకు ఒళ్లు మండేది. పెద్ద యూనివర్సిటీలు చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ తమ కోర్టుకు పిలిపించుకుని ఆడతాయి. వీటిని బై గేమ్స్ అంటారు. చిన్న కాలేజీ చెక్కు తీసుకుంటుంది, దాంతో తమ క్రీడా విభాగం నడుపుకుంటుంది, బదులుగా దాదాపు ఖాయమైన ఓటమిని మూటగట్టుకుని ఇంటికెళ్తుంది. 2019 నవంబర్‌లో స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్ అనే టెక్సాస్ కాలేజీ 85,000 డాలర్లు తీసుకుని డ్యూక్ కోర్టుకు వెళ్లింది. అంతకుముందు డ్యూక్ సొంత కోర్టులో బయటి కాన్ఫరెన్స్ జట్ల మీద వరసగా 150 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఓవర్‌టైమ్ చివరి క్షణంలో నేథన్ బెయిన్ కోర్టంతా పరుగెత్తి లేఅప్ వేస్తే గానీ ఆ వరస తెగలేదు, 85-83.

ఆ 150లో ఎక్కువ మ్యాచ్‌లు రెఫరీలు లేకపోయినా డ్యూక్ గెలిచేదే, అందులో అనుమానం లేదు. కానీ ఇలాంటి మ్యాచ్‌లకు రెఫరీలను సాధారణంగా పంపేది ఆతిథ్య జట్టు కాన్ఫరెన్స్. చిన్న కాలేజీ పరాయి ఊరికి, పరాయి జనం మధ్యకు, పరాయి కాన్ఫరెన్స్ దగ్గర బతుకుతెరువు వెతుక్కునే రెఫరీల ముందుకు వెళ్తోంది. దగ్గర దగ్గరగా సాగే మ్యాచ్‌లో ఆఖరి మూడు నిమిషాల్లో గుద్దుకున్నప్పుడు తప్పు డిఫెండర్‌దా (బ్లాక్), బంతి ఉన్నవాడిదా (చార్జ్) అన్న తీర్పు ఒక్కటి అటూ ఇటూ అయితే అది ఒక్క ఓటమితో పోదు. ఆ ఓటమి నెట్ ర్యాంకింగ్‌లోకి (జట్లకు ఎన్‌సీఏఏ ఇచ్చే ర్యాంకు) వెళ్తుంది, మార్చి టోర్నీలో చోటు ఇచ్చేటప్పుడు ఆ ర్యాంకింగ్ చూస్తారు, టోర్నీలో ఆడిన ఒక్కో మ్యాచ్ ఆ కాన్ఫరెన్స్‌కి ఆరేళ్ల పాటు విడతలుగా డబ్బు తెస్తుంది. నవంబర్‌లో మోగిన విజిల్‌కి ఏళ్ల తర్వాత కూడా చిన్న కాలేజీ లెక్క చెల్లిస్తూనే ఉంటుంది.

2021లో పాక్-12, చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కాలేజీలతో కూడిన స్వాక్ కాన్ఫరెన్స్ ఒక ఒప్పందం చేసుకున్నాయి, మేం మీ ఇంటికొస్తాం, మీరు మా ఇంటికి రండి అని. 2022 నవంబర్‌లో ఒక్క వారంలోపే స్వాక్ జట్లైన గ్రాంబ్లింగ్ కొలరాడోని, టెక్సస్ సదరన్ అరిజోనా స్టేట్‌ని, ప్రెయిరీ వ్యూ వాషింగ్టన్ స్టేట్‌ని ఓడించాయి, అన్నీ తమ సొంత కోర్టుల్లోనే. ప్రయాణం, ప్రేక్షకులు, అలవాటైన రింగు అన్నీ కలిసొచ్చి ఉంటాయి, కాదనను. కానీ ఎవరి ఇంట్లో ఆడుతున్నాం అన్నదానికి ఎంత విలువుందో అంతకంటే స్పష్టంగా ఇంకెవరు చూపిస్తారు?

ఇంటి జట్టు వైపు విజిల్ వాలుతుందన్నది ఊహ కూడా కాదు. 2004-05 సీజన్‌లోని 365 కాలేజీ మ్యాచ్‌లను తీసుకుని చేసిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. బయటి నుంచి వచ్చిన జట్టు మీద ఎక్కువ ఫౌల్స్ పడుతున్నాయనీ, అప్పటిదాకా తక్కువ ఫౌల్స్ ఉన్న జట్టు మీద తర్వాతి ఫౌల్ పడే అవకాశం పెరుగుతోందనీ అందులో తేలింది. రెండోది ముఖ్యం. ఒక జట్టు రఫ్‌గా ఆడి ఏడు ఫౌల్స్ చేసి, ఇంకో జట్టు శుభ్రంగా ఆడి రెండే చేస్తే, రెఫరీ తెలిసో తెలియకో లెక్క సరిచేస్తున్నాడు. ఎందుకు సరిచేస్తాడు? బోర్డు మీద 7, 2 అని కనిపిస్తే కోచ్ అరుస్తాడు, జనం అరుస్తారు, మర్నాడు కోఆర్డినేటర్‌కి వీడియో వెళ్తుంది. 7, 6 అని కనిపిస్తే ఎవరూ అడగరు. రేపటి మ్యాచ్ కోసం ఎదురుచూసే మనిషి ఎవరూ అడగని దారే పట్టుకుంటాడు.

రెఫరీల తరఫున చెప్పేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. పది మంది పరుగెత్తే కోర్టులో ముగ్గురి కళ్లకు అన్నీ కనపడవు, స్లో మోషన్‌లో ఎవరైనా పండితులే, పైగా ఒకే రెఫరీ నాలుగైదు కాన్ఫరెన్సుల్లో పని చేస్తాడు కాబట్టి ఏ ఒక్కదానికో లొంగి ఉండాల్సిన పని లేదు అంటారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది మాత్రం తిరగేసి చూడాలి. నాలుగు చోట్ల పని చేసేవాడు నలుగురికీ నచ్చాలి, ఒకరి కోపం ఇంకొకరి చెవిన పడటానికి ఎంతసేపు?

కెమెరాలే పరిష్కారం అనేవాళ్లకు 2019 ఫైనల్ ఫోర్ గుర్తు చెయ్యాలి. మినియాపోలిస్‌లో ఆబర్న్ 62-60తో ముందుంది, సెకన్లే మిగిలాయి. వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ డ్రిబుల్ చేస్తుంటే బంతి అతని కాలికే తగిలి పైకి లేచింది, రెండు చేతులతో అందుకుని మళ్లీ డ్రిబుల్ చేశాడు. డబుల్ డ్రిబుల్, అంటే రూల్ ప్రకారం తప్పు. లక్షల మంది చూశారు, విజిల్ మోగలేదు, రీప్లేలో చూసే వీలు రూల్‌లోనే లేదు. కాసేపటికి 0.6 సెకన్లుండగా వర్జీనియా ఆటగాడు కైల్ గైని ఆబర్న్ ఆటగాడు ఫౌల్ చేశాడని విజిల్, గైకి మూడు ఫ్రీత్రోలు, వర్జీనియా 63-62. వర్జీనియా తర్వాత టైటిల్ కూడా గెలిచింది. 2025-26 నుంచి పురుషుల మ్యాచ్‌ల్లో కోచ్‌లకు చాలెంజ్ ఇచ్చారు, మంచిదే. కానీ అది బంతి బయటికి ఎవరి నుంచి పోయింది, గోల్‌టెండింగ్ (రింగులోకి దిగుతున్న బంతిని అడ్డుకోవడం) అయిందా లాంటి వాటికే. ఫౌలా కాదా అన్న తీర్పు, అంటే పక్షపాతం దూరగలిగే అసలు చోటు, దాని పరిధిలోకే రాదు.

ఇంతకీ ఈ సూత్రం ఎన్‌సీఏఏకి తెలియనిదేం కాదు. 2024 మహిళల టోర్నీలో నార్త్ కరొలైనా స్టేట్, చట్టనూగా మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో ఒక రెఫరీని తప్పించి వేరేవాళ్లను దింపారు. కారణం, ఆ రెఫరీ చట్టనూగాలో మాస్టర్స్ చదివినట్టు మ్యాచ్ మొదలయ్యాక తెలిసింది. ఆ రెఫరీ తప్పుడు విజిల్ ఊదినట్టు ఎవరూ అనలేదు, అయినా తప్పించారు, సరైన పని చేశారు. ఎప్పుడో చదివిన డిగ్రీయే అభ్యంతరమైనప్పుడు, ఇవాళ పని ఇస్తున్న కాన్ఫరెన్స్ అభ్యంతరం ఎలా కాకుండా పోయింది?

మన క్రికెట్ ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. సొంత దేశపు అంపైర్ల వల్లే గెలుస్తున్నారన్న మాట పడలేక, 1986లో ఇమ్రాన్ ఖాన్ కెప్టెన్‌గా ఉండగా పాకిస్తాన్ వెస్టిండీస్‌తో లాహోర్ టెస్ట్‌కి ఇద్దరు భారత అంపైర్లను పిలిపించుకుంది. ఒకరు ముంబయికి చెందిన పిలూ రిపోర్టర్, రెండోవారు మన హైదరాబాద్‌కి చెందిన వి.కె. రామస్వామి. 1994 నుంచి ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అని ఐసీసీ మార్చుకుంటూ వచ్చింది. పాత అంపైర్లు దొంగలని తేల్చి మార్చలేదు, అనుమానానికి తావు ఉండకూడదని మార్చింది.

ఇది ఆటలతో ఆగే సంగతి కాదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చి, సత్యం ఖాతాల్లో 7 వేల కోట్లకు పైగా లెక్క తప్పుడుదని తేలినప్పుడు హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న ఒకటే, ఇన్నేళ్లు ఆడిటర్లు ఏం చేస్తున్నారు? ఆడిటర్‌కి ఫీజు ఇచ్చేది, మళ్లీ పెట్టుకోవాలా వద్దా అని ప్రతిపాదించేది ఆ కంపెనీయే. 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను కొన్నేళ్లకోసారి మార్చి తీరాలన్న నిబంధన వచ్చింది ఈ బంధాన్ని తెంచడానికే. తనిఖీ చేసేవాడి అన్నం, తనిఖీకి గురయ్యేవాడి చేతిలో ఉండకూడదు. కంపెనీకైనా, కోర్టుకైనా, బాస్కెట్‌బాల్ కోర్టుకైనా.

డబ్బు లేదనడానికి కూడా వీల్లేదు. మార్చి టోర్నీ ప్రసార హక్కులను 2016లో పొడిగించినప్పుడు ఎనిమిదేళ్లకు 8.8 బిలియన్ డాలర్లు, 2032 దాకా. కోచ్‌లు మిలియన్లలో తీసుకుంటున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో కాలేజీ 2025-26లో ఆటగాళ్లకే 20.5 మిలియన్ డాలర్ల దాకా పంచే వీలు వచ్చింది, అది వాళ్ల చెమటకు న్యాయమే. ఇంత డబ్బు తిరిగే చోట, 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రం తర్వాత రాష్ట్రం బెట్టింగ్‌కి తలుపులు తెరిచిన చోట, రెఫరీ మాత్రం మ్యాచ్ కూలీకి పని చేస్తున్నాడు. 2017లో కెంటకీ ఓడిపోయాక ఆ మ్యాచ్ చేసిన ఒక రెఫరీకి ఒమాహాలో రూఫింగ్ వ్యాపారం ఉందని కనిపెట్టి, అభిమానులు ఆన్‌లైన్‌లో ఆ కంపెనీకి చెత్త రివ్యూలు కుప్పపోశారు, బెదిరింపు ఫోన్లు చేశారు. అంత పెద్ద మ్యాచ్ చేసే మనిషికి పూర్తికాల ఉద్యోగం, వెనక నిలబడే సంస్థ ఉండొద్దా?

ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో రెఫరీలు లీగ్ ఉద్యోగులు, దగ్గరి మ్యాచ్‌ల్లో చివరి రెండు నిమిషాల తీర్పుల మీద 2015 నుంచి నివేదిక బయటపెడుతున్నారు, తప్పయితే తప్పని రాస్తున్నారు. అయినా 2007లో డోనగీ కుంభకోణం (రెఫరీయే తన మ్యాచ్‌ల మీద పందేలు కాసిన ఉదంతం) అక్కడే జరిగింది కదా అంటే, జరిగింది, లీగ్ పరువు పోయింది, ఆ తర్వాతే పర్యవేక్షణ గట్టిపడింది. కాలేజీల్లో ఆ నివేదికా లేదు, ఆ ఉద్యోగమూ లేదు.

ప్రసార ఒప్పందం ముగిసే 2032 దాకా ఆగాల్సిన పని కూడా లేదు. వేర్వేరు కాన్ఫరెన్సుల జట్లు ఆడే నవంబర్, డిసెంబర్ మ్యాచ్‌లకు రెఫరీల కేటాయింపును వచ్చే సీజన్ నుంచే ఎన్‌సీఏఏ తన చేతుల్లోకి తీసుకోవాలి, ఆ రెఫరీలకు సీజన్ మొత్తానికి జీతం ఇవ్వాలి, ఏ రెఫరీ ఏ కాన్ఫరెన్స్‌లో ఎన్ని మ్యాచ్‌లు చేశాడో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. చెక్కు తీసుకుని డ్యూక్‌కో, కెంటకీకో బస్సెక్కే చిన్న కాలేజీ కుర్రాళ్లకు ముందుగా దక్కాల్సింది ఇదే.